నోరు మూసుకున్న పారిస్ ఆవిడ

"ఆవిడ నోరు మూసుకుంది జాషువా గారూ. మీరు కూడా నమ్మరు గదా?"

నరసరావుపేటలో పేరున్న ప్రైవేట్ డిటెక్టివ్ జాషువా, రెంటచింతల ఎండలో అంత దూరం వచ్చాక విన్న మొదటి మాట ఇది. పక్కనున్న అసిస్టెంట్ ప్రశాంతి ఉసూరుమంది. ఇది తమ కేసు కాదు, డాక్టరు కేసు అనుకుంది.

ఆ మాటన్న కృష్ణకుమారి రిటైరైన డ్రాయింగ్ టీచరు. పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఏళ్ల కిందట పుదుచ్చేరి పాతసామాన్ల కొట్లో కొన్న రంగుల లితోగ్రాఫ్ ఒక్కటే ఆమెకు తోడు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పారిస్‌లో అచ్చయిన బొమ్మ, నల్ల టోపీ పెట్టుకున్న ఎవరో ఆవిడది. ఆ రోజుల్లో ఒక్కో రంగుకు ఒక్కో రాతి మీద బొమ్మ గీసి, ఒకదాని మీద ఒకటి అచ్చు వేసేవారు. టీచరు గారి ప్రతిలో ఎరుపు వెంట్రుకవాసి జరిగి పెదవి గీత దాటింది. అందుకే ఆవిడ ఏదో చెప్పబోతున్నట్టుండేది. కంటి ఆపరేషన్‌కని వినుకొండ వెళ్లి మూడు రోజులకు తిరిగొస్తే, ఆ చెప్పబోవడం లేదు.

మేనల్లుడు యోగేశ్ ఫోన్‌లో ఏదో మ్యూజియం వెబ్‌సైట్ తెరిచి గోడ మీది బొమ్మ పక్కన పెట్టాడు. రెండూ అచ్చు గుద్దినట్టున్నాయి. అత్తకు మతి తప్పుతోందని, సోమవారం వృద్ధాశ్రమంలో చేర్పిస్తున్నానని విసుగ్గా చెప్పాడు.

"మారింది బొమ్మా, నేనా? అదొక్కటి తేల్చండి. నేనే అయితే సంచి సర్దుకుంటా," అందామె.

పక్కింటి అర్చన కనకాంబరాలు మాల కడుతూ వింటోంది. మూడేళ్లుగా రోజూ మధ్యాహ్నం వచ్చి ఇక్కడ కూర్చునేది ఆమె ఒక్కతే. టీచరు గారు ఊళ్లో లేనప్పుడు తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయని జాషువా అడిగితే, తన దగ్గరొకటి, యోగేశ్ దగ్గరొకటి అంది. వయసు మీద పడితే ఇలాగే అనిపిస్తుందని కూడా అంది, తలెత్తకుండా.

జాషువా బొమ్మ దింపాడు. వెనక తగిలించే దారం చూశాడు. భూతద్దంతో పెదవి చూశాడు. టీచరు గారు రిటైరైన రోజు ఆ బొమ్మ పక్కనే నిలబడి తీయించుకున్న ఫొటో ఇప్పించుకుని చూశాడు. ఆయన అలా పనిలో పడితేనే ప్రశాంతికి ధైర్యం.

తర్వాత అందరినీ కూర్చోబెట్టాడు.

"యోగేశ్ గారూ, మీ ఫోన్‌లోది మ్యూజియం వాళ్ల ప్రతి. దాంట్లో ఎరుపు సరిగ్గా పడింది. మీ అత్తగారి దాంట్లో జరిగింది, ఈ ఫొటోలో చూడండి. అంటే ఈమె బొమ్మ మ్యూజియం దాంతో కలవకూడదు. కలిసిందంటే, ఎవరో నెట్‌లోంచి దింపి ప్రింట్ కొట్టించారు. భూతద్దం పెడితే ప్రింటర్ చుక్కలు వరసగా కనపడతన్నాయి. అమ్మా, మీ మతికేం కాలేదు."

కృష్ణకుమారి కళ్లు తుడుచుకుంది. యోగేశ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఫ్రేముకు దారం కొత్తది. కొక్కేనికి రెండు చుట్లు వేసి మెలితిప్పి బిగించారు, పూలకాడలకు వేసినట్టు. ఇది యోగేశ్ గారి చేతికి వచ్చే ముడి కాదు."

అర్చన ఒళ్లో మాల ఆగిపోయింది. లేచి తన ఇంటికి వెళ్లి, బీరువాలో పట్టుచీర మడతల్లో దాచిన బొమ్మ తెచ్చి ఇచ్చింది. అమ్ముకోవడానికి తీయలేదంది. ఆమె భర్త లారీ మీద తిరుగుతాడు. నెలకు రెండు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ.

"రోజూ మీరు ఆవిడతో మాట్లాడతా ఉంటే చూశా పిన్నీ. నాక్కూడా వినే మనిషి ఒకరుంటే బాగుండనిపిచ్చింది."

"ఎదురుగా నేనున్నా గదే."

"మీరు ఆవిడనే చూసేవాళ్లు."

ప్రశాంతికి తన హాస్టల్ గది గుర్తొచ్చింది. యోగేశ్ పోలీసుల పేరెత్తబోతే కృష్ణకుమారి చేత్తో వారించింది. దొరికిన బొమ్మను బల్ల మీద బోర్లా పెట్టి, వచ్చి అర్చన పక్కన కూర్చుంది. ఇన్నాళ్లూ అడగనందుకు టీచరు గారికి నిజంగా సిగ్గేసింది.

"మూడేళ్ల నుంచి వస్తన్నావు. మీ అమ్మ పేరేందే?"

"శివపార్వతి. పోయి ఏడాదయింది పిన్నీ. అప్పుడు పది రోజులు రాలేదు నేను. ఎందుకు రాలేదని మీరడగలా."

"ఇప్పుడడుగుతున్నా," అంది కృష్ణకుమారి. "చెప్పు."