నోరు మూసుకున్న మూడు

ప్రింటర్ గరగరమంటూ కాగితాన్ని బయటికి నెట్టింది. అమ్ము దాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

భలే ఉంది! ప్రతి అక్షరానికీ ఒక తోక, ప్రతి అంకెకీ ఒక మెలిక. అచ్చం పెళ్ళి కార్డులా ఉంది.

కానీ అది పెళ్ళి కార్డు కాదు, ఒక స్థలం సర్వే పటం. అలాంటి పటాలు గీయడం అమ్ము వాళ్ళమ్మ నీలిమ పని. సర్వేయర్లు స్థలం కొలిచి లెక్కలు తెచ్చిస్తారు. స్మృతి నగర్‌లో తమ ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని నీలిమ పటం గీస్తుంది. హద్దు ఎక్కడుందో, ఏ వైపు ఎన్ని మీటర్లో అందులో రాస్తుంది.

ఆ శనివారం మధ్యాహ్నం నీలిమకు ఊరి చివర హథ్‌ఖోజ్‌లో ఒక షెడ్డు కొలతలు తెచ్చుకునే పని పడింది. హెల్మెట్ పెట్టుకుంటూ అమ్ముతో చెప్పింది.

"విక్రమ్ అంకుల్ వస్తారు. ఆయన పటం రెడీగా ఉంది. ప్రింట్ నొక్కి, కవర్లో పెట్టి ఇచ్చెయ్. ఇంకేటీ ముట్టుకోకు."

"నేను ఆరో క్లాసమ్మా! ప్రింట్ తియ్యడం రాదా ఏటి?"

నిజంగానే ప్రింట్ మాత్రమే తీద్దామనుకుంది. కానీ స్క్రీన్ మీద అక్షరాలు పుల్లలు పేర్చినట్టు బోసిగా ఉన్నాయి. బడిలో చార్టులన్నీ అమ్ము చేతే రాయిస్తారు. ఆమె అక్షరాల్లో పువ్వులుంటాయి, తీగలుంటాయి. 'పాపం, అమ్మకి టైం దొరకలేదేమో' అనుకుంది.

ఫాంట్ ఎక్కడ మార్చాలో అమ్ముకు తెలుసు. ఒక్కచోట మారిస్తే పటమంతా మారిపోయింది. 'అంకెలైతే మార్చలేదు కదా, వాటి బట్టలే మార్చాను' అనుకుని ప్రింట్ నొక్కింది.

ఇంతలో కాలింగ్ బెల్ మోగింది. విక్రమ్ హడావిడిగా ఉన్నాడు. కవర్ విప్పి చూడనైనా లేదు.

"థాంక్యూ బేటా. మమ్మీకి చెప్పు, రేపే పని మొదలు."

అతను వెళ్ళగానే అమ్ము కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తి, ఫాంట్‌ను మళ్ళీ పాతదానికి మార్చేసింది. ముట్టుకోకని అమ్మ చెప్పింది కదా మరి.

*

మర్నాడు ఉదయం తాత అప్పలసూరి చాప మీద కూర్చుని అమ్ము చార్టుకు అంకెలు రాసి ఇస్తున్నాడు. తాత ఉక్కు ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. అప్పట్లో కంప్యూటర్లు లేవు. యంత్రాల బొమ్మలన్నీ చేత్తోనే, ఇంకు పెన్నుతో గీసేవారు.

"తాతా, ఇంత బోడిగా రాస్తున్నావేటి? మూడుకి కొసలు లోపలికి తిప్పు. మస్త్ ఉంటుంది."

తాత నవ్వాడు. "మూడు ఎప్పుడూ నోరు తెరుసుకునే ఉండాలమ్మా. మూసుకున్నాదంటే ఎనిమిదైపోద్ది."

"అంత మాత్రం తెలీదా ఎవరికైనా?"

"నీ బల్ల మీద తెలుస్తాది. నాను గీసిన డ్రాయింగు ఎక్కడికెళ్ళీదో ఎరుకా? షాపులోకి, మిషన్లు తిరిగీ కాడికి. నూని సేతులు, మసి, సీకటి. దానికో నకలు తీసీవోరు. ఆ నకలుకి ఇంకో నకలు. అప్పుడు కూడా మూడు మూడులాగే కనపడాల. అందం ఎవులిక్కావాల? పదిమంది సదివినా ఒక్కలాగే సదవాల."

అమ్ము చేతిలో స్కెచ్ పెన్ ఆగిపోయింది.

నిన్నటి పటంలో మూడు ఎలా ఉంది?

వంటింట్లో అమ్మ చట్నీకి పోపు వేస్తోంది. అమ్ము చప్పుడు చేయకుండా కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది. పటం తెరిచి, మళ్ళీ ఆ మెలికల ఫాంట్ పెట్టి చూసింది.

విక్రమ్ స్థలం వెడల్పు 12.3 మీటర్లు. ఆ మూడు రెండు కొసలూ లోపలికి తిరిగి, నడుముని దాదాపు తాకుతున్నాయి. ఇంత పెద్ద స్క్రీన్ మీదే మధ్యలో వెంట్రుకంత సందు మాత్రం ఉంది. కాగితం మీద ఆ అంకె చీమంత ఉంటుంది.

గబగబా పాత ఫాంట్ పెట్టేసి వచ్చి కూర్చుంది.

విక్రమ్ స్థలం కన్నమ్మ మామ్మ ఇంటి పక్కనే. అక్కడ అతను గోడ కట్టుకోవాలి. హద్దు ఇక్కడని అతను, కాదు అక్కడని ఆమె చాలా రోజులు వాదులాడుకున్నారు. వీధంతా వినేలా అరుచుకున్నారు. చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. నీలిమ పటంలో ఎలా ఉంటే అలా.

'విక్రమ్ అంకుల్ పెద్ద చదువు చదివాడు. సరిగ్గానే చూస్తాడు' అని అమ్ము తనకు తాను చెప్పుకుంది. 'అయినా ఈరోజు ఆదివారం. పని చెయ్యరు.' రేపే పని మొదలు అన్న మాట వెంటనే గుర్తొచ్చింది.

నీలిమ ఇడ్లీల పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది.

"అమ్మా..."

"ఏటే?"

అమ్ము ఇడ్లీ ముక్క తుంచి చట్నీలో ముంచింది.

"ఏం లేదు. చట్నీ ఇంకొంచెం."

*

చట్నీ అలాగే ఉండిపోయింది. నీలిమ ఫోన్ మోగింది. అవతల కన్నమ్మ గొంతు గది అంతటికీ వినిపించింది.

"పైపు తెగిపోయిందా? ఎవరు తవ్వారు? ఎక్కడ?" నీలిమ లేచి నిలబడింది. "పన్నెండు పాయింట్ ఎనిమిదా? నేనలా రాయలేదు పిన్నీ!"

ఆమె వెళ్ళి కంప్యూటర్‌లో పటం తెరిచింది. తాత కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు.

"చూడండి మావయ్యా. మూడే కదా?"

"మూడే. సుబ్బరంగా కనిపిస్తన్నాది."

"మరి ఆయన కాగితంలో ఎనిమిది ఉందంట. దిద్దించేసుంటాడు. అర మీటరు నేల కోసం ఇంత పని చేస్తాడనుకోలేదు."

"సూడకుండా మనిషినలగ అనకమ్మా."

"ఇంకేటుంటుంది మావయ్యా? నా పటం నా కళ్ళ ముందే ఉంది."

అమ్ము ఒక అడుగు ముందుకేసింది. ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడే. కానీ నీలిమ అప్పటికే స్కూటీ తాళాలు తీసుకుంది.

"నేనూ వస్తాను" అంది అమ్ము.

"నువ్వెందుకు?"

"వస్తానమ్మా."

దారిలో అమ్మ నడుము గట్టిగా పట్టుకుని కూర్చుంది. "అమ్మా, నిన్న నేను..." అంది ఒకసారి. పక్కనుంచి ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. "ఏటీ?" అని నీలిమ అడిగింది. అమ్ము ముఖం అమ్మ వీపుకి ఆనించేసింది.

*

కన్నమ్మ ఇంటి పక్కన పునాది కోసం తవ్విన గుంట బురదనీళ్ళతో నిండిపోయి ఉంది. గునపం దెబ్బకు తెగిన పైపు అందులోంచి బయటికి పొడుచుకొచ్చింది. మేస్త్రి జగ్గయ్య దాని మూతికి గుడ్డ చుడుతున్నాడు. చుట్టుపక్కల వాళ్ళు గేట్ల దగ్గర నిలబడి చూస్తున్నారు.

"సూడే నీలిమా!" కన్నమ్మ చీర కుచ్చెళ్ళు బురదైపోయాయి. "నా వాకిట్లోకొచ్చి తవ్వించీసినాడు. నా పైపు తెగ్గొట్టించీసినాడు. ఒక్కదాన్నీ ఉన్నానని! దొంగ!"

"దేఖియే, అలా అనొద్దు!" విక్రమ్ అడ్డుపడ్డాడు. "నక్షాలో, మీ పటంలో ఏముందో అదే చేయించాను. ఒక్క అంగుళం ఎక్కువ తీసుకోలేదు."

"నా పటంలో మూడు ఉంది విక్రమ్ గారూ" అంది నీలిమ. "మీ చేతికి వచ్చాక ఎనిమిదెలా అయింది?"

విక్రమ్ ఆమె వైపు అలాగే చూశాడు. అతని ముఖం ఎర్రబడింది.

"నీలిమ దీదీ, మీరు కూడానా? నేను దొంగనా?"

ఈసారి అతను అరవలేదు. చాలా మెల్లగా అడిగాడు. ఆ మెల్లని గొంతు అమ్ముకు అరుపు కంటే భయమేసేలా వినిపించింది.

"అంకుల్ ఏం మార్చలేదు" అంది.

ఎవరూ వినలేదు. కన్నమ్మ ఇంకా ఏదో అంటూనే ఉంది.

"అంకుల్ ఏం మార్చలేదు! నేనే మార్చాను!"

అందరూ తిరిగి చూశారు. అమ్ము పక్కనున్న గేటు పట్టుకుంది.

"అక్షరాలు బాగాలేవని ఫాంట్ మార్చాను. అందంగా ఉంటుందని. అందులో మూడు... మూడు ఎనిమిదిలా ఉంటుంది. నాకు అప్పుడు తెలీదమ్మా." ఇంకా చెప్పాల్సింది మిగిలే ఉంది. అదే అన్నిటికంటే కష్టం. "తర్వాత మళ్ళీ పాతది పెట్టేశాను. నీకు తెలియకూడదని. పొద్దున్న నాకు అనుమానం వచ్చింది. అయినా చెప్పలేదు."

జగ్గయ్య జేబులోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి నీలిమకు ఇచ్చాడు. విక్రమ్ కవర్లోంచి అసలు ప్రింట్ తీశాడు. నీలిమ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. ప్రింట్‌లో కళ్ళు చికిలించి చూస్తే మూడు. జిరాక్స్‌లో ఆ సన్నని సందు కూడా పూడుకుపోయింది. అది ఎనిమిదే.

నీలిమ ముందు విక్రమ్ వైపు తిరిగింది.

"క్షమించండి. కాగితం చూడకుండానే మిమ్మల్ని మాటన్నాను. ప్రింట్ నేను సరిచూసి ఇవ్వాల్సింది. అది నా తప్పే."

విక్రమ్ తల ఊపాడు. కానీ ముఖం ఇంకా బిగుసుకునే ఉంది.

"అంకుల్, సారీ" అంది అమ్ము. అతను "ముందు పైపు సంగతి చూద్దాం" అని ప్లంబర్‌కు ఫోన్ చేశాడు.

కన్నమ్మ కొంగు కొస చేతికి చుట్టుకుంటూ నిలబడింది. "నాను కూడా తొందరపడి నోరు జారీసినాను బాబూ" అని గొణిగింది. ఆ తర్వాత అమ్ము వైపు చూసింది. "పైపు బాగయ్యీ వరకూ నాకు సుక్క నీళ్ళు లేవే పిల్లా."

అమ్ము ఆమె గుమ్మం దగ్గరున్న బకెట్ తీసుకుంది. విక్రమ్ స్థలంలో పని కోసం నింపి పెట్టిన డ్రమ్ముంది. "అంకుల్, తీసుకోనా?" అని అడిగి, అతను ఊఁ అన్నాక ముంచుకుంది. బకెట్ బరువుకి ఒక పక్కకి ఒరిగిపోతూ నడిచింది. కన్నమ్మ వంటింటి గాబు నిండేదాకా తిరిగింది. అరచేతులు ఎర్రగా కందిపోయాయి.

బయటికి వచ్చేసరికి జగ్గయ్య పార పక్కన పెట్టి నిలబడి ఉన్నాడు.

"మరి నాను ఇప్పుడు ఎక్కడ తవ్వాలమ్మా? ఈ కాయితం నాను ముట్టను. ఏది మూడో, ఏది ఎనిమిదో!"

"సాయంత్రానికి కొత్త ప్రింట్ ఇస్తాను" అంది నీలిమ. "ఈలోగా గీత వేసుకోవడానికి దీని మీదే రాసిస్తాను." ఆమె బ్యాగులోంచి నల్ల మార్కర్ తీసింది.

"అమ్మా, నేను రాయనా?"

నీలిమ కూతురి ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం పూర్తిగా పోలేదు. అయినా మార్కర్ చేతికిచ్చింది.

అమ్ము అరుగు మీద కాగితం పరిచి, తోకలున్న పాత అంకెను అడ్డంగా కొట్టేసింది. పక్కన ఖాళీలో పెద్దగా రాసింది. ఒకటి, నిటారుగా. రెండు. చుక్క గట్టిగా, మరకలా కాకుండా. మూడు దగ్గర ఆగింది. చెయ్యి అలవాటుగా లోపలికి మెలి తిరగబోయింది. ఆపుకుంది. రెండు కొసలనూ బయటే వదిలేసింది.

నీలిమ తన ఫోన్‌లో పటం తెరిచి సరిచూసి, "ఊఁ" అంది.

అమ్ము కాగితం తీసుకుని జగ్గయ్య దగ్గరికి వెళ్ళింది. కానీ అతని చేతికివ్వలేదు. కొంచెం దూరంలో నిలబడి పైకెత్తి పట్టుకుంది.

"మేస్త్రి గారూ, ఏటి రాసుందో చదవండి."

"పన్నెండు పాయింట్ మూడు."

"మామ్మా, కళ్ళజోడు లేకుండా నువ్వు చదువు."

కన్నమ్మ కళ్ళు చిట్లించింది. "పన్నెండు... ఆ సుక్క తరవాత మూడు."

"విక్రమ్ అంకుల్, మీరు?"

"మూడు బేటా. మూడే" అన్నాడు విక్రమ్.

జగ్గయ్య స్థలం రెండో పక్కనున్న హద్దు రాయి దగ్గర టేపు పట్టుకోమని విక్రమ్‌కు చెప్పి, అవతలి కొస లాక్కుంటూ వచ్చాడు. దారం కట్టిన మేకు పీకి కొత్తచోట దిగగొట్టాడు. దారం వెనక్కి జరిగింది. తెగిన పైపు కన్నమ్మ వైపు, దారం విక్రమ్ వైపు. మధ్యలో చోటు మిగిలింది. కన్నమ్మ ఆ దారాన్ని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చూసింది. తల ఊపింది.

"పద అమ్మూ, వెళ్దాం" అంది నీలిమ స్కూటీ తిప్పుతూ.

అమ్ము కదల్లేదు. ఆ కాగితం మీద ఇంకా చాలా అంకెలున్నాయి. అన్నీ తోకలతోనే ఉన్నాయి. ఆమె మళ్ళీ అరుగు మీద కూర్చుని, మార్కర్ మూత తీసి, తర్వాతి అంకెను కొట్టేసింది.

"ఒక్క నిమిషం అమ్మా. నువ్వు ఫోన్‌లో చూసి చెప్పు, నేను రాస్తాను." తలెత్తి పిలిచింది. "మేస్త్రి గారూ, మీరు అక్కడే ఉండండి. ఇవన్నీ కూడా చదవాలి."