కాటా కాడ ఒక మనిషి ఎక్కువ

కల్లూరు దాటి కోడుమూరు పోయే దారిలో పాడుబడిన లారీల కాటా ఒకటి ఉండాది. నాపరాళ్ల లోడు తూకం వేసేదానికి ఎప్పుడో కట్టినారంట. ఇప్పుడు దాని గదికి తలుపు లేదు, పైన రేకు లేదు. పేరు మాత్రం మిగిలింది. అదీ చెడ్డ పేరు.

దాని మీదికి ఏ లారీ ఎక్కించినా తూకం ఒక మనిషి ఎక్కువ చూపించేదంట. డ్రైవరును దింపి చూసినారు. క్లీనరును దింపి చూసినారు... ఆ ఒక్క మనిషి బరువు మాత్రం దిగలేదు. కాటా మూసేసినారు. ఆమె పోలేదు. "ఆమె" అనే అంటారు అందరూ, ఎందుకో ఎవరికీ తెలీదు. నిదానంగా పోయే బండి చూసుకుని ఎక్కుతాదంట.

అందుకే చీకటి పడినాక ఆడ ఎవరూ నిదానంగా పోరు. మా బొజ్జన్న మామ ట్రాక్టరు తోల్తాంటే పక్కన ఎనుములు దాటి ముందుకు పోతాయి. ఆయన కూడా ఆ కాటా కాడికొస్తే విమానం ఎగరేసేవాడి మాదిరి ముందుకు వంగుతాడు.

అట్లాంటి చోటికి మా హర్షవర్ధన్ అన్న కోరి పోయినాడు. జరిగింది నాకు అన్నతో తిరిగే నాగరాజ్ చెప్పినాడు. అన్నను అడిగితే, తిన్నావా అని మాట మారుస్తాడు.

హర్షన్నకు స్పీడు పిచ్చి. కారేమో వాళ్ల నాయన, మా పెద్దనాయన ఓబులేసు పేరు మీద ఉండాది. అంటే, అన్న తొక్కుతాడు, చలానా పెద్దనాయన ఫోనుకు వస్తాది. రెండోది వచ్చినప్పుడు పెద్దనాయన ఒకటే మాట అన్నాడంట — ఇంకొక్కటి వస్తే తాళం బీరువాలో, నువ్వు షేర్ ఆటోలో.

ఆదివారం శ్రావణితో అహోబిలం పోవాల. పెళ్లి కుదిరినాక ఇద్దరే కలిసి పోయేదానికి రెండిళ్లల్లో ఒప్పుకున్న మొదటి ప్రయాణం. కాబోయే పెండ్లాన్ని షేర్ ఆటోలో, కోళ్ల గంపల మధ్యన కూసోబెట్టి తీసుకపోతాడా?

దాంతో అన్న ఒక డబ్బీ తెప్పించినాడు. అరచేతిలో పట్టే నల్ల డబ్బీ. పోలీసుల స్పీడ్ గన్ రాడార్ తగిలితే కూత పెడతాదంట, మనం బ్రేకు తొక్కొచ్చంట. అయితే అన్నకు ఒక అనుమానం. పోలీసోళ్లు గన్ను పట్టుకునే ఉండరు. బండి దగ్గరికి వచ్చినాక కన్ను మూసి తెరిచేంత సేపు నొక్కి వదిలేస్తారు. ఆ చిన్న దెబ్బను డబ్బీ పట్టుకుంటాదా, లేదా?

పరీక్ష పెట్టాల. గన్ను యాడ?

నాగరాజ్ కాడ ఉండాది. వాడు పిల్లకాయలకు బౌలింగ్ నేర్పిస్తాడు. బంతి ఎంత స్పీడుతో పోతాందో కొలిచే గన్ను వాడిది, అదీ రాడారే. పిల్లకాయలు ఇళ్లకు పోయేసరికి పొద్దు గూకింది. ఖాళీ రోడ్డు కావాలన్నాడు అన్న. ఆ టైములో ఎవరూ ఆగని రోడ్డు ఒక్కటే...

నాగరాజ్ కాటా గది గోడ వెనక కూసున్నాడు. అన్న కారులో, డబ్బీ అద్దం కింద. ఇద్దరి మధ్యా ఫోను.

మొదట నాగరాజ్ బాగా ఒత్తి పట్టినాడు. డబ్బీ ఊరంతా లేచేటట్టు కూసింది. తర్వాత కాసేపు పట్టి వదిలినాడు. కూసింది. తర్వాత... చిటికేసినంత సేపు.

చప్పుడు లేదు.

నొక్కినావా అంటే నొక్కినానన్నాడు. మళ్లీ చేసినారు. ఒకసారి కూసింది, ఒకసారి నోరు మూసుకుంది. అన్న నిదానంగా, ఇంకా నిదానంగా కాటా ముందర అటూ ఇటూ తిరుగుతానే ఉన్నాడు. ఆ చోట అంత నిదానంగా తిరిగిన మనిషి ఆయనొక్కడే అయ్యింటాడు.

ఇంతలో నాగరాజ్ గన్నులో చార్జింగ్ అయిపోయింది. ఇంక చాలు, వచ్చి ఎక్కించుకో అన్నాడు. అన్న కారు తిప్పుకుని కాటా వైపే వస్తాన్నాడు.

డబ్బీ ఒక్క కూత కూసింది. చిన్నది.

"ఆటలు చాలప్పా," అన్నాడు అన్న.

ఫోన్లో నాగరాజ్ గుసగుసగా అన్నాడు —

"అన్నా... నా గన్ను సంచిలో ఉండాది."

మళ్లీ ఒక కూత.

ఆ వెంటనే ఇంకో చప్పుడు. టింగ్... టింగ్... టింగ్... ఇది ఆగడంలేదు. డబ్బీ చేసే చప్పుడు కాదిది. పక్కనుంచి వస్తాంది. పక్క సీటు కాడినుంచి.

అన్న అటు తిరిగి చూడలేదు. కాలు ఎంత కిందికి పోతాదో అంత కిందికి తొక్కినాడు. నాగరాజ్‌ను ఎక్కించుకోవాలని ఆయనకు కల్లూరు వీధి దీపాలు వచ్చినాక గాని గుర్తు రాలేదు. చప్పుడు కూడా అప్పుడే ఆగిందంట.

ఈడ నాగరాజ్ గోడకు అతుక్కుపోయినాడు. వెనక ఎండుటాకుల చప్పుడైంది. భుజం మీద ఒక చెయ్యి పడింది.

"ఏమప్పా, ఈడ కూసోని ఏం జేస్తాండావు?"

కానిస్టేబులు. ఆయన వెనక తుమ్మచెట్ల చాటున పోలీసు జీపు. నాగరాజ్ సంచిలోంచి బంతుల గన్ను తీసి చూపిస్తే, ఆయన తన గన్ను తీసి చూపించినాడంట, నాది పెద్దది చూడు అన్నట్టు. దెయ్యానికి బెదిరి ఈడ ప్రతి బండీ ఎగిరిపోతాంది, మాకు ఇంతకంటే మంచి చోటు యాడ దొరుకుతాదప్పా అని నవ్వినాడు. ముందు రెండుసార్లు నొక్కితే మీవాడు నిదానంగానే ఉన్నాడు, మూడోసారే దొరికినాడు అని చెప్పి, జీపులో కల్లూరు దాకా దింపినాడు.

తెల్లారి ఇదంతా విని మేము పడీ పడీ నవ్వినాము. డబ్బీ కూసేలోపల వాళ్లు కొలిచేసుకుంటారు, అది వార్త చెప్పేదే గాని కాపాడేది కాదని నాగరాజ్ తేల్చినాడు. అన్న కూడా నవ్వినాడు, కొంచెం తక్కువగా. ఆ టింగ్ టింగ్ ఏందని ఎవరమూ అడగలేదు.

శనివారం చలానా వచ్చింది.

పెద్దనాయన అరుస్తాడనుకున్నాము. అరవలేదు. కళ్లద్దాలు పెట్టుకుని ఫోను దగ్గరికి, దూరానికి జరిపి చూసినాడు. చివరికి నాకిచ్చి చదవమన్నాడు.

మొదటిది అతివేగం. దాని కింద రెండోది ఉండాది. ముందు సీటులో, డ్రైవరు పక్కన కూసున్న మనిషి బెల్టు పెట్టుకోలేదు.

ఫోటో చీకటిగా ఉండాది. అన్న మొగం తెలుస్తాంది, నోరు తెరుచుకుని ఉండాది. పక్కన... కొంగు తలమీదుగా కప్పుకుని, ఒద్దికగా, ప్రయాణం బాగుండాదన్నట్టు.

నాగరాజ్ ఆ టైముకు కాటా గోడ వెనక ఉన్నాడని కానిస్టేబులే సాక్ష్యం.

శ్రావణి కూడా చూసింది ఆ ఫోటో. రేపు అహోబిలానికి తాను వెనక సీటులో కూసుంటానని, ముందర ఖాళీ లేదు కదా అని చెప్పి పంపింది.

పెద్దనాయన తాళం తీసుకున్నాడు. బీరువా వైపు రెండడుగులు వేసినాడు. నిలబడినాడు. తిరిగొచ్చి తాళం అన్న చేతిలోనే పెట్టినాడు.

"ఆయమ్మను యాడ ఎక్కించుకున్నావో ఆడనే దించి రా. నిదానంగా పో."

అన్న వాకిట్లోకి పోయి కారు స్టార్ట్ చేసినాడు. నేను గడప కాడే ఉన్నా, విన్నా. టింగ్... టింగ్... టింగ్...

అన్న పక్కకు చూడలేదు. చూడకుండానే చెయ్యి చాపి, పక్క సీటు బెల్టు లాగి, జాగ్రత్తగా పెట్టినాడు.

చప్పుడు ఆగింది.