చుట్ట మానిన నెల

చుట్ట మానేసిన ఇరవై మూడో రోజు పొద్దున, వెంకటప్పయ్య దగ్గి దగ్గి అరుగు మీదే కూలబడ్డాడు. అరచేత్తో ఛాతీ అదిమిపట్టుకున్నాడు. చెంబుతో నీళ్లు తెచ్చిన రాజ్యశ్రీ, ఏం చేయాలో తోచక అలాగే నిలబడిపోయింది...

మానిపించింది తనే! పెళ్లయిన ఇరవై ఏళ్లలో భర్తను పట్టుబట్టి అడిగిన కోరిక అదొక్కటే. సాధించుకుంది. తీరా ఏం దక్కింది? చుట్ట తాగే రోజుల్లో గుట్టలెక్కి దిగిన మనిషికి ఇప్పుడు ముద్ద మింగబోతే దగ్గు, మాట్లాడబోతే దగ్గు. మంచి బేరమని మురిసి తెచ్చుకున్న సరుకు ఇంట్లోనే కుళ్లిపోతున్నట్టుంది. వంటింట్లో ఉన్నా ఆమె చెవి అరుగు మీదే. దగ్గు వినిపిస్తే భయం. వినిపించకపోతే మరీ భయం...

పర్ణశాల దగ్గర తునికాకు కొనే ఇల్లు అది. అడవి నుంచి వచ్చిన ఆకును కల్లంలో ఎండబెట్టి, బీడీలకు పంపుతారు. చెమ్మ ఆరకుండా మూట కడితే లోపల బూజు పడుతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అత్తగారు సుశీలమ్మ కొడుకు రోగాన్నీ ఆ లెక్కలోనే తేల్చేసింది. ఇన్నాళ్లూ పొగే వాడి రొమ్మును ఆరబెట్టిందట. అది ఆగేసరికి చెమ్మ పట్టిందట.

"రాయిలాంటి మనిషిని నీ పంతంతో మూలకేశావు గదమ్మా."

ఆ లెక్క రాజ్యశ్రీకీ నిజమే అనిపించింది. లోపలికి వెళ్లి, తను దాచేసిన పొగాకు ఈనె తీసి, తన చేత్తోనే చుట్ట చుట్టింది. అగ్గిపెట్టెతో సహా భర్త ముందు పెట్టింది.

"తాగండి. నాకు నా పంతం కాదు, మీరు కావాలి..."

వెంకటప్పయ్య ఆ చుట్టను చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ ఆమె ముందే పెట్టేశాడు.

"దీనికోసం రోజూ ఎన్నిసార్లు బజారు దాకా పోయి వెనక్కి వచ్చానో నీకు తెలవదు రాజ్యం. ఇంకెవరిచ్చినా తాగేవాణ్ణి. నువ్విస్తే ఎట్లా తాగేది?"

అతని కష్టం ఆమెకు అప్పుడు తెలిసింది! తన భయాన్నే తూచుకుంది గానీ, ఇన్ని రోజులు అతను మోసిన బరువును ఒక్కసారైనా చూడలేదు. కళ్లు తుడుచుకుని, దవాఖానాకు పోదాం, బస్సుకు వేళయిందని అతన్ని లేవదీసింది.

భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ గుండె పరీక్ష చేయించింది, ఎక్స్‌రే తీయించింది. రెండూ బాగానే ఉన్నాయంది. పొగకు మొద్దుబారిన ఊపిరి గొట్టాలు మళ్లీ పనిలో పడ్డాయని, పేరుకున్న కఫాన్ని బయటికి నెడుతున్నాయని, ఇంకొన్ని వారాలు ఈ దగ్గు తప్పదని చెప్పింది. నొప్పి పెరిగినా, ఆయాసం వచ్చినా, రక్తం పడినా వెంటనే రమ్మంది.

"మానినందుకు రొమ్ము చెడిపోలేదు గదా అమ్మా?" రాజ్యశ్రీ రెండోసారి అడిగింది.

"మానకపోతే చెడిపోయేదమ్మా."

బస్సులో దారి పొడుగునా అతను దగ్గుతూనే ఉన్నాడు. గుమ్మంలోనే ఎదురైన సుశీలమ్మ, ఏం వైద్యం చేశారో గానీ దగ్గు అట్లాగే ఉందని నిష్ఠూరమాడింది.

"దగ్గనియ్యండి అత్తయ్యా... లోపలిది బయటికి పోనియ్యండి," అంది రాజ్యశ్రీ.

అని, భర్తకు వడ్డించి, చాలా రోజుల తర్వాత అతని పక్కనే కూర్చుని తనూ కంచంలో అన్నం పెట్టుకుంది.