ఆది చుడీదారు

పొద్దున ఆరున్నరకే గ్రేసీ బ్యాగు సర్దడం మొదలుపెట్టింది. నాచారంలో ఆ రెండు గదుల ఇంట్లో బీరువా తలుపు తెరిస్తే మనిషి తిరగడానికి చోటుండదు. అందుకని రాహేలు గుమ్మంలోనే నిలబడి, మనవరాలు ఏమేం పెడుతోందో చూస్తోంది. తువ్వాళ్ళు, సబ్బుపెట్టె, బైబిలు. అన్నిటికన్నా పైన పసుపు రంగు చుడీదారు, దాని మీద చిన్న లిప్‌స్టిక్.

హన్మకొండలో ఒక హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం. తొమ్మిదింటికి ఉప్పల్‌లో బస్సెక్కాలి.

గ్రేసీ స్నానానికి వెళ్ళగానే రాహేలు గబగబా వచ్చి ఆ పసుపు చుడీదారునూ, లిప్‌స్టిక్‌నూ పరుపు కింద దోపేసింది. తను కుట్టిన బూడిద రంగు చుడీదార్లు మూడు మడతపెట్టి అక్కడ ఉంచింది.

ఆ బూడిద రంగు బట్ట తాను, పెద్ద గుడ్డ చుట్ట, ఎప్పుడో కొన్నది. పద్దెనిమిదేళ్ళు దాటింది, ఇంకా కత్తిరిస్తూనే ఉంది. ఇంకొక్క జతకు మించి రాదని ప్రతిసారీ అనుకుంటుంది. మళ్ళీ తీసి చూస్తే ఆ చుట్ట అంతే లావుగా ఉంటుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే ముసలిదానికి మతి పోయిందంటారు.

"నా పసుపు డ్రెస్సేది నాయనమ్మా?" తల తుడుచుకుంటూ వచ్చింది గ్రేసీ.

"గదెందుకే? అందరి కండ్లు పడ్తయి. గివి ఏస్కో, మంచిగుంటయి."

"కండ్లు పడాల్ననే గదా రిసెప్షన్ల కూసోబెట్టేది! ఎవ్వరికి కనబడొద్దంటే గోడనే పెట్టుకుంటుండె వాళ్ళు."

పక్క గదిలో గడ్డం గీసుకుంటున్న గ్రేసీ తండ్రి బెంజమిన్ నవ్వాడు. "పోనియ్యరాదే అమ్మా. నువ్వేసే నూనె జడతోని పోతే హోటలోళ్ళు సీదా వంటింట్ల కూసోబెడ్తరు."

రాహేలు నవ్వలేదు. గ్రేసీ మొహంలో కూడా నవ్వు మాయమైంది.

"మొన్న ఉప్పల్ల ఇంటర్వ్యూకి గీ బూడిద డ్రెస్సే ఏసుకపోయిన. ముందు వరసల రెండు గంటలు కూసున్న. పేరు పిలిస్తే చెయ్యి లేపిన. ఆయన నా దిక్కే సూసుకుంట ఆబ్సెంట్ రాసుకున్నడు."

"నోరు తెరిచి చెప్పద్దా?"

"గొంతు రాలే. గది ఏస్కుంటే నాకు నేనే లేనట్టుంటది నాయనమ్మా. భుజాలు లోపలికి పోతయి. హన్మకొండోళ్ళ ఇంటర్వ్యూకి నా దోస్తు రాణి ఇచ్చిన పసుపు డ్రెస్సు ఏసుకపోయిన. ఐదు నిమిషాల్ల తీసుకున్నరు." ఆగి, నెమ్మదిగా అడిగింది. "ఇంటర్ల చేరిన కాన్నుంచి నాకు కుడ్తున్నవు. ఒక్కసారన్న నన్ను కొలిసినవా?"

గ్రేసీ కుట్టుమిషను డ్రాయరు లాగింది. అందులో కొలతకోసం దాచిన పాత చుడీదారు. అదే బూడిద రంగు.

"గీ ఆది ఎవరిది?"

"మీ మేనత్తది బిడ్డా. మరియది," అన్నాడు బెంజమిన్, గుమ్మంలోకి వచ్చి.

గ్రేసీ దాన్ని ఒంటికి ఆనించుకుని బీరువా అద్దం వైపు తిరిగింది. రాహేలు కూడా చూసింది. అద్దంలో బట్ట కుట్టు కుట్టుగా కనిపిస్తోంది. దానిపైన ముఖం ఉండాల్సిన చోట మాత్రం మసక. స్నానం చేసొచ్చిన ఆవిరేమో అనుకుని కొంగుతో తుడిచింది. అద్దం పొడిగానే ఉంది.

రాహేలు మంచం పట్టె మీద కూలబడింది.

"నా మరియ గుడ గిట్లనే హన్మకొండకు బయలెల్లింది. నర్సు ఇంటర్వ్యూకి. కనకాంబరం రంగు డ్రెస్సు ఏసుకుంటే నేనే విప్పించిన. ఎవ్వరి కన్ను పడొద్దని గీ తాను గుడ్డ తొడిగిన. మీ నాయన బస్సుల కిటికీ పక్కన కూసోబెట్టి వచ్చిండు. అది హన్మకొండ చేరనే లే. పోలీసోళ్ళు అందరినీ అడిగిన్రు. పండ్ల బండోడు సూడలే. పక్క సీటామె సూడలే. టికెట్ కొట్టిన కండక్టరే ఆ సీటు ఖాళీగుండె అన్నడు." ఏడుపు తన్నుకొచ్చింది. "ఎవ్వరి కన్ను పడలే బిడ్డా. నేను కోరుకున్నట్టే అయింది."

గ్రేసీ ఆది కింద పడేసి నాయనమ్మను వాటేసుకుంది. రాహేలు కళ్ళు తుడుచుకుని, టేపు తీసి, మొదటిసారి మనవరాలి భుజాలు కొలిచింది. కింద పడ్డ ఆదిని కూడా కొలిచింది. రెండు వేళ్ళ తేడా. ఇన్నేళ్ళూ పిల్ల ముడుచుకుని ఆ కొలతలో ఇమిడిందన్నమాట.

పరుపు కింద నుంచి పసుపు చుడీదారు తీసి చేత్తోనే సాపు చేసింది. నూనె పెట్టకుండా తల దువ్వింది. "ఆ పెదాలకు పెట్టేది జర ఎక్కువనే పెట్టు," అంది. బెంజమిన్ నోరు తెరుచుకుని చూశాడు.

ఉప్పల్‌కు రాహేలు కూడా వెళ్ళింది. గ్రేసీ భుజాలు నిటారుగా పెట్టి నడుస్తుంటే పండ్ల బండి మనిషి తలెత్తి చూశాడు. బస్సు మెట్ల మీద నుంచి కండక్టరు కేకేశాడు. "ఓ పసుపు డ్రెస్సమ్మా, ముందట సీటుంది, రా!"

రాహేలు ఆయన్ని అడిగింది. "నా మనవరాలు కనబడుతున్నదా అయ్యా?"

"ఎందుకు కనబడదమ్మా, అంత మంచిగ కనబడుతుంటే!"

మధ్యాహ్నం మూడింటికి ఫోనొచ్చింది. "చేరిన నాయనమ్మా." రాహేలు లేచి ఆ గుడ్డ తాను విప్పి చూసింది. మూరెడు గుడ్డ మిగిలి ఉంది, అంతే.

మరియ రెండువేల ఆరు జూన్ పన్నెండు, సోమవారం పొద్దున ఇంట్లోంచి వెళ్ళింది. తిరిగి రాలేదు.