తేనెరంగు ఇసుక

మంగళవారం ఉదయం పదీ ఇరవైకి రెసిన్ శాస్త్రవేత్త మాస్కు తగిలించుకుని టెస్ట్ ఛాంబర్‌లోకి వెళ్ళాడు. పదీ ముప్పై రెండుకి అతన్ని బయటికి మోసుకొచ్చారు. అప్పటికే ప్రాణం పోయింది.

మాస్కు కొత్తదే. పట్టీలు బిగుతుగానే ఉన్నాయి. దాని ముందున్న ఫిల్టర్ డబ్బాలో మాత్రం విషవాయువుని పీల్చుకునే బొగ్గు లేదు. ఎవరో డబ్బా విప్పి, బొగ్గు తీసేసి, సరిగ్గా అంతే బరువు ఇసుక పోసి, మళ్ళీ సీలు వేశారు.

"గుండెపోటని పేపర్లవాళ్ళకి చెప్పాం," అన్నాడు పెద్దాయన.

పెద్దాయనంటే బ్యూరో చీఫ్. ఆయన గదికి కిటికీలు లేవు. ఉన్నదల్లా ఒక బల్ల, రెండు కుర్చీలు, ఎప్పుడూ మూసే ఉండే ఒక ఫైలు. రెండో కుర్చీలో ఉన్నవాడు ఏజెంట్ ఆకురాయి. ఎంత మొండి ఇనుమునైనా నిదానంగా అరగదీస్తాడని బ్యూరోలో పెట్టిన పేరది.

"ఫౌండ్రీ గురించి నీకేం తెలుసు?"

"మా నాన్న ముప్పై ఏళ్ళు ఇసుక అచ్చులు చేసే కోర్ షాపులో చేశాడు సార్. పని సంగతేమో గానీ, ఆ దగ్గు సంగతి బాగా తెలుసు."

పెద్దాయన తలూపాడు. "అయితే సగం చెప్పక్కర్లేదు. ఇనుము పోత పోయాలంటే ఇసుక అచ్చు కావాలి. అచ్చు నిలవాలంటే ఇసుకలో ప్రతి రేణువుకీ ఫినాలిక్ రెసిన్ పూత వెయ్యాలి. వేడి తగలగానే పూత కరిగి, గట్టిపడి, రేణువుల్ని అతికిస్తుంది. అప్పుడే పొగ. ఫినాల్, ఫార్మాల్డిహైడ్, అమ్మోనియా. మీ నాన్నగారు మింగింది అదే. చనిపోయినాయన చేసిన పూత ఆ పొగని దాదాపు లేకుండా చేసింది."

"అది గిట్టనివాళ్ళెవరు?"

"సిండికేట్. నలభై దేశాలకి పాత రెసిన్ పంపేది వాళ్ళే. శుక్రవారం పదకొండింటికి డెమో. పన్నెండు దేశాల నిపుణులు గాజు గదిలో కూర్చుంటారు. మాస్కులుండవు. ఫ్యాన్లు ఆపేస్తారు. తలుపులు మూసేస్తారు. పొగ రాదని రుజువు చెయ్యడానికి ఆ శాస్త్రవేత్తే పెట్టిన షరతు."

"అంటే చంపదలుచుకున్నవాడికి గది సిద్ధం చేసి పెట్టామన్నమాట."

"ఆ గదిలో నలుగురు పోతే చాలు. ఇక లోకంలో ఈ రెసిన్ పేరెత్తేవాడుండడు." పెద్దాయన గొంతు తగ్గించాడు. "సిండికేట్ లోపల మన మనిషి ఉంది. కోడ్ నేమ్ నెమలి. పన్నెండేళ్ళుగా అక్కడే. తమ మనిషేనని వాళ్ళ నమ్మకం. విదేశీ బృందానికి దుబాసీగా వచ్చి నెలయింది. ఆమె చెప్పినట్టు చెయ్యి."

లేచేముందు ఒక చేతివాచీ ఇచ్చాడు. గాలిలో విషం సోకితే నీలం డయల్ ఎర్రబడుతుంది. ఆకురాయి దాన్ని ఎడమ మణికట్టుకి కట్టుకున్నాడు.

*

బుధవారం పొద్దున ఖాకీ చొక్కా, పాత బూట్లు, మూడు రోజుల గడ్డంతో అతను కోర్ షాపులో ఇసుక మోసే పనికి చేరాడు. షాపు మేస్త్రి అతన్ని ఎగాదిగా చూశాడు. ఆ మేస్త్రి చనిపోయినాయనకి స్వయానా బావమరిది. చావు జరిగి ఒక్క రోజే అయింది, అయినా పనిలోకి వచ్చేశాడు.

"ఇంట్లో ఉంటే అక్క మొహం చూడలేకపోతున్నా," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. తర్వాత కళ్ళు చిన్నవి చేసి, "నీ చేతులు పార పట్టిన చేతుల్లా లేవే. ఎవరు పంపారు నిన్ను?" అని అడిగాడు.

"కాంట్రాక్టరు."

"ఏ కాంట్రాక్టరైనా సరే, బావ చేసిన ఇసుక జోలికి పోయావో, చెయ్యి విరిచేస్తా."

ఆ ఇసుక స్టోరులో ఉంది. ఆకురాయి మూత విప్పిన ఒక డ్రమ్ములోంచి గుప్పెడు తీసి చూశాడు. తేనెరంగు. ఏ రేణువుకారేణువు విడివిడిగా, వేళ్ళ సందుల్లోంచి ఆవాల్లా జారిపోయింది. అరచేతికి ఏమీ అంటలేదు. నాన్న చేతులు గుర్తొచ్చాయి. ఎంత తోమినా ఆ చేతులకి పసుప్పచ్చ మరక పోయేది కాదు. అన్నం ముద్దలో కూడా ఆ ఘాటు ఉండేది.

"ఇసుకలో నీళ్ళెంత?" వెనక నుంచి ఆడగొంతు.

"ఒక్క చుక్క ఎక్కువైనా అచ్చు నిలవదు," అన్నాడతను తిరగకుండానే. అది జవాబు కోడ్.

నెమలి అసలు ఇసుక స్టోరులో ఉండాల్సిన మనిషి కాదు. ఆకుపచ్చ కోటు, చెవులకి ముత్యాలు, ఐదు భాషల్లో నవ్వగల పెదవులు. కళ్ళు మాత్రం బాగా అలసిపోయి ఉన్నాయి.

"డెమోకని నీలం సీలుతో ఒక సంచి పెట్టారు. దాన్లో విషం కలిసింది," అంది గబగబా. "ఏదో తెల్ల పొడి. చల్లగా ఉన్నంతసేపూ ఏమీ కాదు. రెండొందల డిగ్రీలు దాటితే గదిలో ఒక్కరు మిగలరు. ఆ మూల ఎర్ర సీలు సంచి కనిపిస్తోందా? అది ఆయన స్వయంగా కట్టి దాచిన స్పేర్. శుక్రవారం మిషన్లో అది పొయ్యి."

"నీకెలా తెలుసు?"

"ఆయన కాగితాలన్నీ అనువదించింది నేనే." ఆమె కళ్ళలోంచి నీళ్ళు జారాయి. "నన్ను చెల్లెమ్మా అనేవాడు."

గురువారమంతా ఆ మాట అతని చెవిలోనే ఉంది. ఏడుస్తూ అబద్ధమాడేవాళ్ళని అతను చాలామందిని చూశాడు. ఆమె ఏడుపు అబద్ధంలా లేదు. నిజానికి అది అబద్ధం కాదు కూడా.

*

శుక్రవారం పదిన్నరకి, మేస్త్రి అతిథులకి నమస్కారాలు పెట్టడానికి వెళ్ళిన సమయం చూసి, ఆకురాయి ఎర్ర సీలు సంచిని మిషన్ పెట్టెలోకి ఒంపాడు. గాజు గది నడిమధ్య ఉన్న మిషన్ అది. కింద కాలే ఇనుప అచ్చు, పైన ఇసుక పెట్టె. మీట లాగితే పెట్టె తలకిందులవుతుంది, ఇసుకంతా వేడి అచ్చు మీద పడుతుంది. అంతే పని.

పది యాభై ఐదుకి వరండాలో సింక్ దగ్గర చేతితొడుగులు విప్పుతుంటే మణికట్టు దగ్గర చర్మం మీద తెల్లటి గీత కనిపించింది. వేలితో రాశాడు. పిండిలా ఉంది. తేనెరంగు ఇసుక చేతికి అంటదు కదా! సంచిలో పైపొర మంచిది. అడుగునున్నది వేరు.

పక్కనే టీ కాచే కరెంటు పొయ్యి ఎర్రగా కాలుతోంది. ఊపిరి బిగబట్టి, గోటితో చిటికెలో సగం దాని మీద రాల్చి, చెయ్యి చాచి పట్టుకున్నాడు.

వాచీ డయల్ నెత్తురులా ఎర్రబడింది.

నీలం సంచే మంచిది. విషాన్ని మోసుకెళ్ళి మిషన్లో పోసింది తనే. తన చేత్తోనే.

పరిగెత్తాడు. గాజు తలుపు దగ్గర కార్డు పెడితే పచ్చ లైటు రాలేదు. మళ్ళీ పెట్టాడు. రాలేదు. లోపల పన్నెండుమంది కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. స్పీకర్లోంచి నెమలి గొంతు, గది బయట దుబాసీ బూత్ నుంచి, నింపాదిగా వినిపిస్తోంది. "మాస్కులు లేవు. ఫ్యాన్లు లేవు. అయినా మీకే వాసనా రాదు."

మేస్త్రి చెయ్యి మీట మీద ఉంది.

ఆకురాయి గాజు మీద దబదబా బాదాడు. మందపాటి గాజు. లోపలికి చప్పుడు వెళ్ళలేదు గానీ మేస్త్రి తలెత్తి చూశాడు. చూసి, అసహ్యంగా మొహం తిప్పుకుని మీట లాగేశాడు.

కోర్ షాపులో మిషన్ల రొదలో మాటలు వినపడవు. అక్కడ చేతులే మాట్లాడతాయి. ఆకురాయి రెండు మణికట్లూ తల మీద అడ్డంగా పెట్టి, వెంటనే పిడికిలితో రొమ్ము మీద రెండుసార్లు కొట్టుకున్నాడు. ఆపు. గ్యాస్. ముప్పై ఏళ్ళ కిందట ఫ్యాక్టరీ గేటు దగ్గర నాన్న తోటివాళ్ళకి అలా సైగ చెయ్యడం చూశాడు.

మేస్త్రి కళ్ళు పెద్దవయ్యాయి. ఆ సైగ కాంట్రాక్టర్లు నేర్పేది కాదు.

పెట్టె అప్పటికే ఒరుగుతోంది. మేస్త్రి ఎర్ర బటన్ నొక్కాడు. ఆగలేదు. వైరు తెంపేశారు. పక్కనున్న గడ్డపార అందుకుని గేరు పళ్ళ మధ్య దూర్చి, భుజమంతా ఆన్చి నొక్కాడు. ఇనుము కీచుమంది. పెట్టె సగంలో ఆగింది. అంచు నుంచి దోసెడు ఇసుక జారి అచ్చు మీద పడింది.

సన్నటి తెల్లటి పొగ లేచింది.

మేస్త్రి తడి గోనెపట్టా లాగి దాని మీద పరిచి, తనే దాని మీదికి వంగి అదిమిపట్టాడు. బయట ఆకురాయి ఫైర్ సిలిండర్ ఎత్తి గాజు మీద మోదాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బకి గోడ భళ్ళున రాలింది. పన్నెండుమంది ఒకరి మీద ఒకరు పడుతూ బయటికొచ్చారు. పదమూడోవాణ్ణి ఆకురాయి చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చాడు.

*

నెమలి పారిపోలేదు. బూత్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకునే కూర్చుని ఉంది.

"కారొస్తుందన్నారు. రాలేదు," అంది. "రాదని నాకూ తెలుసనుకుంటా."

"మాస్కులో ఇసుక పోసింది నువ్వేనా?"

తలూపింది. "ఇంటికొచ్చేస్తానని మీ పెద్దాయనకి మూడుసార్లు రాశాను. ఇంకొక్క ఏడాది అన్నాడు, మూడుసార్లూ. ఈ ఒక్క పనీ చేస్తే వదిలేస్తామని వాళ్ళన్నారు. ఎవరో ఒకరి మాట నమ్మాలి కదా."

"ఆయన నిన్ను చెల్లెమ్మా అన్నాడు."

"ఆ మాట ఇంకెవరూ అనలేదు," అంది, రెండు చేతులూ ముందుకి చాపుతూ.

అతను సంకెళ్ళు వేశాడు.

మధ్యాహ్నం మూడింటికి నీలం సంచితో డెమో మళ్ళీ పెట్టారు. నిపుణులు ముందు రామన్నారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఈసారి మీట లాగింది ఆకురాయి. తేనెరంగు ఇసుక వేడి అచ్చు మీద పడి, గోధుమరంగుకి తిరిగి, గట్టిపడింది. వాచీ నీలంగానే ఉంది. ముందు వరసలో కూర్చున్న ముసలి నిపుణుడు మిషన్ దగ్గరికొచ్చి గట్టిగా వాసన పీల్చి, కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన కూడా ఒకప్పుడు కోర్ షాపు మనిషేనట.

"శుభ్రంగా ముగించావ్," అన్నాడు పెద్దాయన ఫోన్లో.

"ఆమె మూడు ఉత్తరాలు రాసిందట సార్."

"ఫైల్లో అలాంటివేం లేవు."

"లేకపోతే నా రిపోర్టులో ఉంటాయి," అని ఆకురాయి ఫోన్ పెట్టేశాడు. ఆ రిపోర్టు ఎవరూ చదవరని అతనికి తెలుసు. అయినా రాయాలనే అనుకున్నాడు.

ఆసుపత్రికి వెళ్ళేసరికి మేస్త్రి ఆక్సిజన్ గొట్టంతో, దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన అతని అక్క. నాలుగు రోజులుగా ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం తమ్ముడి చెయ్యి పట్టుకుని, "నువ్వు కూడా పోతే నేనేం కావాల్రా, వెధవా," అని తిడుతోంది. తిట్లు వింటున్న మేస్త్రి మొహం తెరిపిన పడింది. ఆకురాయి మూడింటి డెమో సంగతి చెబితే విని, కూర్చోమన్నట్టు మంచం అంచు చూపించాడు.

డాక్టరు ఎక్స్‌రే వెలుగుకి పట్టి చూసి నొసలు ముడేశాడు. "ఇది ఇవాళ్టి దెబ్బ ఒక్కటే కాదు. ఊపిరితిత్తులు ఏళ్ళ తరబడి పాడైనట్టున్నాయి. పొగ తాగే అలవాటుందా?"

మేస్త్రి గొట్టం కాస్త పక్కకి జరిపాడు.

"నాకు లేదు డాక్టరుగారూ. పొగకే, నన్ను తాగే అలవాటు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి మాన్పించాం."