దుంపల పద్మావతి అనే మనిషి

“ఏమండీ... దుంపల పద్మావతి గారిల్లు ఇదేనాండీ?”

ఆ పేరు వినేసరికి బియ్యం చెరుగుతున్న పద్మావతి చేతిలో చేట అలాగే ఆగిపోయింది! ఉక్కునగరం క్వార్టర్స్‌లో అందరికీ ఆమె పైల నాగబాబు గారి భార్య. పుట్టింటి పేరుతో వెతుక్కుంటూ ఒక మనిషి గుమ్మంలోకి వచ్చి ఎంత కాలమైంది! తలెత్తి చూస్తే ఎవరో కొత్త పెళ్లికూతురు. మెడలో తాడు పసుపు ఇంకా వెలవనేలేదు. చేతుల నిండా గాజులు. చంకలో మాత్రం, చంటిపిల్లను ఎత్తుకున్నంత జాగ్రత్తగా, ఒక పింగాణీ జాడీ.

“నా పేరు రోజారమణండి. పుస్తకం వేసిన ప్రెస్సులో మీ అడ్రసు కనుక్కుని, మల్కాపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చానండి...” అంటూనే ఆ పిల్ల భోరుమంది.

జాడీకి కట్టిన గుడ్డ విప్పగానే వాసన గుప్పుమంది. ఎర్రటి నూనె తేలుతూ ఉండాల్సిన ఆవకాయ మీద మందంగా తెల్లటి బూజు! ముక్కలు మెత్తబడి గుజ్జైపోయాయి.

“ఈ ఏడు ఆవకాయ నువ్వే పెట్టమన్నారండి మా అత్తగారు. నాకు రాదని చెప్పడానికి సిగ్గేసింది. మా అమ్మ లేదండి... నా చిన్నప్పుడే పోయింది. ఎవర్ని అడగను? అప్పుడు పూర్ణా మార్కెట్లో మీ పుస్తకం కనబడింది. అమ్మ లేకపోతేనేం, పద్మావతి గారున్నారు కదా అనుకున్నానండి! అక్షరం కూడా మార్చకుండా మీరు రాసినట్టే చేశాను. ఇప్పుడు మా అత్తగారు వీధిలో అందరికీ జాడీ మూత తీసి చూపిస్తున్నారు. ‘సదువుకున్న కోడలమ్మా, పుస్తకం సూసి పెట్టింది’ అని! మా ఆయన మాత్రం నేను బాధపడతానని ఎవరూ చూడకుండా రెండు ముక్కలు తిన్నారండి. ఇక రాత్రంతా కడుపునొప్పి...”

అంత ఏడుపులోనూ ఆ ఆఖరి మాట చెప్పేటప్పుడు రోజారమణి పెదవి మీద ఒక చిన్న నవ్వు మెరిసి మాయమైంది. పద్మావతి అది చూసింది. చూసి మరీ బాధపడింది. ఇంత చిన్న సంతోషాన్ని పట్టుకుని కాపురం మొదలుపెట్టిన పిల్లకు తన పేరు ఎంత పని చేసింది!

సంచిలోంచి రోజారమణి తీసిన పుస్తకం పేరు ‘దుంపల పద్మావతి ఏడాది పచ్చళ్లు’. పద్మావతి పేజీ తిప్పింది. ‘మామిడికాయలను ముక్కలు కోసి, ఆ ముక్కలను నీళ్లతో శుభ్రంగా కడిగి, వెంటనే ఉప్పు, కారం, ఆవపిండి కలపవలెను.’ ఆమెకు తల తిరిగిపోయింది! కోసిన ముక్కను కడగమని ఏ ఆడది చెబుతుంది? కాయను కడిగి, తుడిచి, చెమ్మ లేకుండా ఆరాకే కదా కత్తిపీట దగ్గరకు తెచ్చేది! ఉప్పు కూడా సగానికి సగం తక్కువ...

“ఇది నేను రాయలేదమ్మా.”

“మీ పేరుందండీ!” అంది రోజారమణి అమాయకంగా.

లోపలికి వెళ్లి, తన జాడీలో ఆవకాయ సగం స్టీలు డబ్బాలోకి తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది పద్మావతి. కానీ ఈ పుస్తకం ఇంకా ఎన్ని ఇళ్లకు వెళ్లిందో! ఆ ఇళ్లన్నింటికీ ఆవకాయ పంచగలదా?

డిగ్రీ చదివే రోజుల్లో సరదాగా వారపత్రికలకు వంటలు రాసి పంపేది పద్మావతి. ఆనందపురంలో తన తల్లి వండే వంటలే... ములక్కాడ వేసి పులుసు, చింతచిగురు వేసి రొయ్యలు, నువ్వుల పొడి చల్లిన గోంగూర. కిందన ‘దుంపల పద్మావతి’ అని చూసి జనం ముందు నవ్వుకున్నారు, తర్వాత గుర్తుపెట్టుకున్నారు. పెళ్లయి పైల వారింటికి వచ్చాక, అప్పుడే చిన్న ప్రెస్సు పెట్టుకున్న తమ్ముడు రమణమూర్తి ఆ వంటల్ని పుస్తకాలుగా వేశాడు. “పైల అంటే ఎవుడికి తెలుసక్కా? వంటల పుస్తకానికి దుంపల కంటే మంచి పేరు దొరుకుద్దా?” అని పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ పుస్తకాలతోనే ప్రెస్సు పెరిగింది. బస్టాండ్లలో, రైల్వేస్టేషన్లో, పెళ్లిళ్లలో కానుకల మధ్య... ఎక్కడ చూసినా ఆ పేరే. ఆ తర్వాత అత్తగారు మంచాన పడింది. ఆమెకు తినిపించి, తుడిచి, పక్క మార్చి, కూతురిని చదివించి, షిఫ్టుల నుంచి వేళాపాళా లేకుండా వచ్చే భర్తకు వండిపెట్టి... పద్మావతికి కలం పట్టే ఓపికే పోయింది. అత్తగారు వెళ్లిపోయినా ఆ ఓపిక తిరిగి రాలేదు. రాయడం మానేసింది.

మర్నాడు ప్రెస్సుకు వెళ్లి ఆ పుస్తకం తమ్ముడి ముందు పెట్టింది.

“నువ్వే కదక్కా రాయనన్నావు?” అన్నాడు రమణమూర్తి నొచ్చుకుంటూ. “ఎన్నిసార్లు అడిగాను! షాపులోళ్లు ఊరుకుంటారేటి? దుంపల పద్మావతి కొత్తది ఏటుంది, ఏటుంది అని ఒకటే గోల. ట్యుటోరియల్ మేస్టారొకాయన ఉన్నారు. ఆయన చేత రాయించాను.”

“ఆయన ఎప్పుడైనా ఆవకాయ పెట్టారా?”

“ఆయనెందుకు పెడతారక్కా? పెళ్లాం ఉంది కదా!”

నవ్వు రాలేదు పద్మావతికి. “నా పేరు తీసెయ్ తమ్ముడూ.”

రమణమూర్తి తల దించుకున్నాడు. “తియ్యలేనక్కా. అది ఇప్పుడు ట్రేడ్‌మార్కు. పుస్తకాల మీద ఆ పేరు వేసుకునే హక్కు నా కంపెనీ పేరున రిజిస్టరైంది. బతికున్న మనిషి పేరు రిజిస్టర్ చెయ్యాలంటే ఆ మనిషి ఒప్పుకోవాల. నువ్వు ఒప్పుకున్నావు కదా... సంతకం పెట్టావు.”

గుర్తొచ్చింది! కూతురు పెద్దమనిషైనప్పుడు మేనమామ సారె తెచ్చాడు. ఇంటినిండా చుట్టాలు. పళ్లెంలో పసుపు, కుంకుమ, పుట్టింటి పట్టుచీర... చీర పక్కన ఒక కాగితం. “ఇక్కడ పెట్టక్కా, ప్రెస్సు పని మీద కావాల” అన్నాడు. ఆ చీర నెమలికంఠం రంగు. ఎంత మురిసిపోయింది! తమ్ముడు సంతకం పెట్టమంటే చదివి పెడతారా ఎవరైనా? చిన్నప్పుడు ఆనందపురంలో మేనత్తలు చీరలు తీసుకుని, కళ్లు తుడుచుకుని, భూమి మీద హక్కు వదులుకుంటూ వేలిముద్రలు వేసి వెళ్లడం చూసింది. వాళ్లు చదువురానివాళ్లని జాలిపడింది కూడా. బీయే చదివిన తను ఒక చీరకు పేరే ఇచ్చేసింది!

ఆ వారమంతా ఇంట్లో పొయ్యి వెలుగుతున్నా ఎవరికీ అన్నం సయించలేదు. నాగబాబు స్టీల్‌ప్లాంట్ డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ ఒకటే మాట అన్నాడు. “నీ తమ్ముడు, నీ పేరు. నువ్వు ఏం చేస్తానంటే నేను అటే.” వకీలు వీర్రాజు గారు అంతా విన్నారు. ఎవరి సొంత పేరును వాళ్లు నిజాయితీగా వాడుకుంటే ఏ ట్రేడ్‌మార్కూ అడ్డురాదని, కొనేవాళ్లు మోసపోతుంటే రిజిస్ట్రేషన్ రద్దు చేయమని అడగవచ్చని చెప్పారు. “కానీ ఒకటమ్మా... తమ్ముడి మీద వెళ్తున్నారు. తర్వాత బాధపడకూడదు” అన్నారు. అప్పటికే ఎంత బాధపడుతోందో ఆయనకేం తెలుసు! నోటీసు వెళ్లింది.

కొన్నాళ్లకు దానికి జవాబు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని ఒక్కసారి చదివి, మడిచి, అలమరా మీద ఆవకాయ జాడీ కింద పెట్టేసింది పద్మావతి. భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ వెనకే తల్లి జోగమ్మ దిగింది, కొడుకింటి నుంచి బస్సులో, ఒంటరిగా, రొప్పుకుంటూ.

“తోడబుట్టినోడి మీద కేసేత్తావేటే? ఓలమ్మో, మన వంశంలో ఎవులైనా సేసారేటే ఇలాటి పని? రేపు నాను పోతే నీకు పుట్టిల్లు ఏటుంటాదే? పసుపు కుంకం ఎవుడు తెత్తాడే?”

తల్లి కాళ్లకు కొబ్బరినూనె రాస్తూ కూర్చుంది పద్మావతి. ఆ కాళ్ల మీద పడిన కన్నీటిచుక్కను నూనెతో పాటే కలిపి రాసేసింది...

సరిగ్గా అప్పుడే రోజారమణి వచ్చింది, కడిగిన స్టీలు డబ్బా నిండా సున్నుండలు పెట్టుకుని!

“అమ్మగారూ! మా అత్తగారు మీ ఆవకాయ ముక్క నోట్లో పెట్టుకుని ఏమీ అనలేదండీ! ఏమీ అనలేదంటే చాలా బాగుందనట. మా ఆయన చెప్పారు!” అంటూ గాజులు గలగలలాడించింది. ఆ ఇంట్లో చాన్నాళ్లకు విన్న సంతోషపు చప్పుడది.

డబ్బా పెట్టడానికి అలమరా దగ్గరకు వెళ్లిన ఆ పిల్లను జోగమ్మ పిలిచింది. “అమ్మాయ్, ఆ జాడీ కింద కాగితమేటి? నా కొడుకు రాయించిన జవాబేనా? ఆడు అక్కని మంచిగానే అడిగుంటాడు. ఇదే ఇనిపించుకోదు. నువ్వు సదువుకున్నావు కదా, సదివి సెప్పు.”

“వద్దమ్మా!” అని పద్మావతి లేచేలోపే రోజారమణి కాగితం విప్పేసింది.

“ఇంగ్లీషులో ఉందండి. నేను తెలుగులో చెబుతాను” అని, స్కూల్లో పాఠం చదివినట్టు హుషారుగా మొదలుపెట్టింది. “దుంపల పద్మావతి అనేది మా కంపెనీకి చెందిన వ్యాపార చిహ్నం మాత్రమే... నోటీసు పంపిన ఆవిడ పెళ్లయిన నాటి నుంచి పైల పద్మావతి... కాబట్టి ఈ పేరు ఆవిడ సొంత పేరు కాదు... దుంపల పద్మావతి అనే మనిషి ఇప్పుడు ఎవరూ... ఎవరూ...”

“ఎవులూ?”

“ఎవరూ బతికి లేరు... అని ఉందండి.”

జోగమ్మ కూతురి మొహంలోకి చూసింది.

“కింద ఎవుడి సంతకం?”

“వకీలుగారిది... పక్కన దుంపల రమణమూర్తి గారిది.”

“ఫోను కలుపు.”

పద్మావతి కలపలేదు. రోజారమణే గోడ మీద రాసున్న ప్రెస్సు నంబరు చూసి కలిపింది. జోగమ్మ రిసీవరు రెండు చేతులా పట్టుకుంది. “ఒరే! మీ అక్క పోయిందంట కదరా! తానం సేసావా? సెయ్యలేదేటి? రా, దినం సెయ్యాల. నువ్వొచ్చేదాకా నాను మంచినీళ్లు ముట్టను!”

“అమ్మా! ఏం మాటలే అవి!” అని తల్లిని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది పద్మావతి. ఇన్నాళ్లూ ఆపుకున్నదంతా కట్టలు తెగింది.

సాయంత్రానికి స్కూటరు మీద వచ్చాడు రమణమూర్తి. మొహంలో నెత్తురుచుక్క లేదు. గుమ్మం దాటకముందే జోగమ్మ వేలు చూపించింది. “ఎవుర్రా ఈవిడ? సెప్పి లోపలికి రా! నాను నాట్లకెళ్తే నిన్ను సంకనేసుకుని తిరిగిందే, అదెవుర్రా? నీకు టైఫాయిడ్ వొత్తే మంచం దగ్గర కూసున్నదెవుర్రా? దుంపలోళ్ల పిల్ల కాదేటి? నాను కన్నానురా దాన్ని! పెళ్లి సేసి పంపింది కాపరానికిరా... కాటికి కాదు!”

“అమ్మా! నానలా అంటానా?” రమణమూర్తి గుమ్మంలోనే కూలబడ్డాడు. “వకీలు ఇంగ్లీషులో రాసి తెచ్చాడు. ఇక్కడ పెట్టమన్నాడు. పెట్టేశాను... అందులో ఏటుందో నాకు తెలీదక్కా! నీ మీద ఒట్టు!”

పద్మావతి కళ్లు తుడుచుకుని అతనివైపు చూసింది. ఎందుకో... అలసిపోయిన నవ్వొచ్చింది.

“నువ్వూ చదవకుండానే సంతకం పెట్టావా తమ్ముడూ!”

రమణమూర్తి అక్క చేతులు రెండూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “ఆ పేరు నీకిచ్చేస్తానక్కా. కానీ అది లేకపోతే నా ప్రెస్సు బోర్డు దించెయ్యాల...”

పద్మావతి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. విశ్రాంతిగా ఉండాలని ఎంత ఆశపడింది! మళ్లీ కాగితాలు, మళ్లీ కొలతలు, పొయ్యి ముందు నిలబడడం... కానీ తల్లి లేని పిల్లలు ఎక్కడో మార్కెట్లో ఆ పేరు చూసి ఆగుతూనే ఉంటారు కదా.

“బోర్డు దించకు. నేను రాస్తాను. నెమ్మదిగా, ఏడాదికి ఒకటి. ఆ పచ్చళ్ల పుస్తకం మాత్రం షాపులన్నీ తిరిగి నువ్వే వెనక్కి తెచ్చుకో. నేను వండి చూడనిది నా పేరుతో బజారుకు వెళ్లకూడదు. ఆ మాట కాగితం మీద ఉండాలి” అంది.

“ఉండాల!” అంది జోగమ్మ. “తెలుగులో ఉండాల!” అప్పుడు గానీ మంచినీళ్ల గ్లాసు అందుకోలేదు.

పై ఆదివారం రమణమూర్తి కాగితం పట్టుకుని వచ్చాడు. పేరు మీది హక్కు అక్కకు తిరిగి రాసి ఇస్తూ, ఆమె చూసి ఒప్పుకున్న పుస్తకాలు వేసుకునే అనుమతి మాత్రం తనకు అడుగుతూ, తెలుగులో రాయించాడు. ఈసారి చేతిలో కాగితం ఒక్కటే ఉంది.

“చీర కూడా తెచ్చానక్కా. స్కూటరు డిక్కీలో ఉంది. సంతకం అయ్యాకే ఇస్తాను” అన్నాడు తల వంచుకుని.

పద్మావతి కళ్లజోడు పెట్టుకుంది. మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టింది. నాగబాబు తెచ్చిన కాఫీ మీద మీగడ కట్టింది. రమణమూర్తి అటూఇటూ కదిలితే, “సదవనీరా, తొందరేటి?” అని జోగమ్మ కసిరింది. ఆఖరి అక్షరం దాకా చదివి, సంతకం పెట్టి, కాగితం తమ్ముడి వైపు జరిపింది పద్మావతి.

“నువ్వూ చదువు.”

రమణమూర్తి ప్రతి పంక్తి కింద వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదవసాగాడు. జోగమ్మ గోడకు జారగిలబడి కునికిపాట్లు పడుతోంది. ఒళ్లంతా అలసటగా ఉంది పద్మావతికి. కిటికీలోంచి ఎండలో నిలబెట్టిన స్కూటరు కనబడుతోంది. ఏ రంగు తెచ్చాడో... అనుకుంది మెల్లగా, చల్లారిన కాఫీ అందుకుంటూ.