తలుపు దాచిన కళ్లు

తాళాల మెకానిక్ లిఫ్టులో శవమై దొరికాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు తప్ప ఇంకే గాయమూ లేదు. గూఢచారి శాఖ ఆఫీసు తలుపుకున్న రెటీనా స్కానర్‌ను బాగుచేసేది అతనే. రోజూ ఆ గాజుకు కన్ను ఆనిస్తే, కంటి లోపలి పొరను ఫొటో తీసి, మనిషిని గుర్తుపట్టి తలుపు తెరుస్తుంది. ఏళ్ల తరబడి పోగైన ఆ ఫొటోలన్నీ మెకానిక్ ఒక విదేశీ ముఠాకు అమ్ముకున్నాడు. కొన్నవాళ్లే అతని నోరు మూయించారు.

"స్కానర్ మార్చేశాం. ఇక ఆ ఫొటోలతో వాళ్లు తలుపు తెరవలేరు," అన్నాడు చీఫ్ ఎదుట నిలబడ్డ గూఢచారిణితో. "అయినా వాటిని వెనక్కి తీసుకురా. ఏంటా బూట్లు? లేసు తెగిన బూట్లతో శత్రువు మీదికి వెళ్తావా? నిన్ను ఈ ఉద్యోగంలోకి తీసుకున్నవాణ్ని అనాలి."

డిపార్ట్‌మెంట్‌లో ఆమెను ముంగిస అంటారు. ఇన్నేళ్ల సర్వీసులో తిట్లు లేకుండా ఒక్క బ్రీఫింగూ ముగియలేదు. ఆ ముసలాయన్ని చూస్తేనే ఆమెకు ఒళ్లు మంట. అయినా నోరెత్తదు, ఎందుకంటే తమ్ముడి ప్రాణం ఆయన బుర్రలో ఉంది. శత్రుదేశంలో పనిచేసే ఏజెంట్ల మారుపేర్లు ఎక్కడా రాయకూడదన్నది ఆ ఆఫీసు ఆనవాయితీ. అవన్నీ చీఫ్ ఒక్కడికే కంఠతా. తమ్ముడు ఏ ఊళ్లో ఏ పేరుతో తిరుగుతున్నాడో తోబుట్టువైన ఆమెకూ తెలియదు.

ఫొటోల కార్డు ఇప్పుడొక కంటి డాక్టర్ దగ్గరుంది. ఖరీదైన సూటు, సినిమా హీరో నవ్వు. అందరూ అందగాడనే పిలుస్తారు. ముఠాలో ఉంటూ చీఫ్‌కు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. రెండు పడవల మీద కాళ్లు పెట్టేవాణ్ని ముంగిస ఎన్నడూ నమ్మలేదు. చీఫ్ మాత్రం నమ్మాడు.

నెరిసిన విగ్గు, సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకుని ఆమె క్లినిక్‌కు వెళ్లింది. కిటికీలు లేని పరీక్షగదిలో అందగాడు కోడ్ ప్రశ్న వేశాడు.

"దూరం బాగానే కనిపిస్తోందామ్మా?"

"దగ్గరే మోసం చేస్తోంది డాక్టర్."

బయటున్న నర్సు ముఠా మనిషి, పరీక్ష నిజంగానే జరిగినట్టు కనిపించాలి అంటూ అతను ఆమె కళ్లలో చుక్కలు వేశాడు. కాసేపటికి కంటిపాపలు పెద్దవయ్యాయి. దగ్గరి వస్తువులు అలుక్కుపోయాయి, వెలుతురు ముల్లులా గుచ్చుకుంది. అప్పుడతను తలుపు గడియ పెట్టి పిస్టల్ తీశాడు. పక్కనే కంప్యూటర్‌లో కార్డులోని ఫొటోల అప్‌లోడ్ నడుస్తోంది.

అనుమానం నిజమైనందుకు ముంగిసకు ఆశ్చర్యం కలగలేదు, అసహ్యం కలిగింది. "తాళం మార్చేశాం. ఆ ఫొటోలు దేనికి?" అంది.

"మీరంతా తలుపు గురించే ఏడుస్తున్నారు. తాళం ఎవడికి కావాలి?" అందగాడు స్క్రీన్ వైపు చూపించాడు. "ఇది మీ చీఫ్ కన్ను, ఏళ్ల కిందటిదీ ఇప్పటిదీ. కన్ను మెదడుకు వాకిలి అక్కా. వాకిట్లో నిలబడితే లోపలి సంగతి తెలుస్తుంది. రెటీనా పొర పలచబడింది, సన్న రక్తనాళాలు చెదిరాయి. అల్జీమర్స్ తొలి ఆనవాళ్లలా ఉన్నాయి. ఇదొక్కటే చూసి ఏ డాక్టరూ ఖాయం చెయ్యడు. మాకు అనుమానం చాలు."

మిగతాది తీరిగ్గా చెప్పాడు. చీఫ్ పక్కకు ఒక మంచి స్నేహితుణ్ని పంపుతారు. మరుపు ముదిరేకొద్దీ ఎవరితో ఏం చెప్పాడో ఆయనకే గుర్తుండదు. పేర్లు ఒక్కొక్కటే రాలతాయి. ఆ పేర్లలో తమ్ముడిది ఎన్నోది అవుతుంది?

అప్‌లోడ్ గీత దాదాపు చివరికి వచ్చేసింది. గదిలో వెలుగుతున్న ఒకే ఒక్క పరీక్ష దీపం వైరూ కంప్యూటర్ వైరూ ఆమె కుర్చీ కింద ఒకే ప్లగ్గు బాక్సులో ఉన్నాయి. వచ్చి కూర్చున్నప్పుడే చూసుకుంది. కాలితో ఒక్క తన్ను తన్నింది.

అప్‌లోడ్ మధ్యలోనే ఆగి స్క్రీన్ ఆరిపోయింది, గది చీకటైంది. అప్పటిదాకా వెలుగుతున్న స్క్రీన్‌నే చూస్తున్న అందగాడికి ఏమీ కనబడలేదు. విప్పారిన ఆమె కంటిపాపలకు మాత్రం తలుపు కింది నుంచి వచ్చే సన్నని వెలుతురే చాలింది. అతను గుడ్డిగా కాల్చాడు, అద్దాల పెట్టె పగిలింది. ఆమె స్టీలు స్టూలెత్తి పిస్టల్ పట్టుకున్న చేతి మీద బాదింది, తర్వాత నెత్తిన బాదింది.

"చుక్కలు వేసి మేలు చేశావు నాయనా," అంటూ కార్డు పీక్కుని, అతని పిస్టల్ చూపించి నర్సును దాటి బయటపడింది.

రిపోర్టు విని చీఫ్ కళ్లద్దాలు తీసి తుడిచాడు, మళ్లీ తుడిచాడు. ఆయన మీద జాలి కలిగినందుకు ముంగిసకు తన మీదే కోపం వచ్చింది.

"రేపే వెళ్లి పూర్తి పరీక్షలు చేయించుకుంటాను," అన్నాడు చివరికి. "తలుపు వేసి కూర్చో. ఏజెంట్ల పేర్లు ఇంకో బుర్రలో కూడా ఉండాలి. రాసుకోవద్దు, వల్లించు."

మొదట చెప్పింది తమ్ముడి పేరే. ఓడరేవు ఊళ్లో గడియారాలు బాగుచేస్తున్నాడట, క్షేమమట. మిగతా పేర్లూ ఆయన తడబడకుండా చెప్పాడు, ఆమె తప్పు లేకుండా అప్పజెప్పింది.

"నిన్ను తిట్టడం నేను మర్చిపోయిన రోజున," అన్నాడు చీఫ్, "నన్నీ కుర్చీలోంచి లేపేయించు."

సరేనంది. తలుపు దాకా వెళ్లిందో లేదో, వెనక నుంచి గదమాయింపు వినిపించింది.

"ఆ తెగిన లేసుతోనే వెళ్లొచ్చావా, బుద్ధి లేకుండా?"

ఇన్నేళ్లలో మొదటిసారి ఆ తిట్టు ముంగిస చెవులకు చల్లగా తగిలింది.